గుమ్మంలో పెద్దాయన

ప్రివ్యూ హాల్లో అందరూ నవ్వారు. పక్క సీటులో అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఎడిటర్‌కి అది గుచ్చుకుంది. డబ్బున్నవాళ్ళని వెక్కిరిస్తూ తీసిన ఆ ఆర్ట్ సినిమాలో జనం పగలబడి నవ్వే చోటు అదొక్కటే.

లైట్లు వెలగగానే అడిగాడు. "నచ్చలేదాండీ?"

"మీరు షూటింగ్ చేసింది మా ఇంట్లోనే. హీరో షోకుగా నడుస్తుంటే గుమ్మంలో బిగుసుకుపోయి చూస్తున్న పెద్దాయన నటుడు కారు. మా నాన్న. హీరో వెక్కిరించిన ఆ నడక ఆయనదే."

ఆ షాట్ ఏరి పెట్టింది ఎడిటరే.

"తెలీక పెట్టాను."

"ఇప్పుడు తెలిసిందిగా!"

మర్నాడు ఆ షాట్ తీసేద్దామని డైరెక్టర్‌తో చెప్పాడు.

"ఆ ముఖమే సినిమాకి ప్రాణమయ్యా."

"ఆయన్ని అడగలేదు కదా సార్. అది ఉంచితే నా పేరు తీసేయండి."

డైరెక్టర్ మూడు రోజులు నాన్చాడు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం కాగానే అమ్మాయి ఎడిటింగ్ గదికి వచ్చి, "తీశారా?" అని అడిగి, గంటసేపు కూర్చుని వెళ్ళేది. నాలుగో రోజు డైరెక్టర్, "తీసి తగలెయ్" అన్నాడు.

"తీసేశాను. కూర్చోండి, చూపిస్తాను" అన్నాడు ఎడిటర్, మధ్యాహ్నం అమ్మాయి రాగానే.

"తీసేసింది ఎలా చూపిస్తారండీ?" అంటూనే కూర్చుంది.

విడుదల రోజు మార్నింగ్ షోకి తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. ఆట అయ్యాక పెద్దాయన ఎడిటర్‌ని వెతుక్కుంటూ వచ్చాడు.

"నేను గుమ్మంలో నిలబడ్డ ముక్క ఏమైంది బాబూ? చుట్టాలందరికీ చెప్పుకున్నాను!"

"మీరు బాధపడతారని..."

"బాధెందుకు? వాడు అచ్చం నాలాగే నడుస్తుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను. అందుకే అలా బిగుసుకుపోయాను. తీసెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

అమ్మాయి గోడ మీద పోస్టరు చదువుతున్నట్టు నిలబడింది.

"ఎవరూ చెప్పలేదండీ. నాకే అనిపించింది."

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు. ఆదివారం భోజనానికి రా" అని కారు వైపు నడిచాడు.

"నా పేరు చెప్పలేదేం?" అంది అమ్మాయి.

"చెబితే మళ్ళీ రారేమోనని."

"రేపు మధ్యాహ్నం వస్తాను."

"సినిమా అయిపోయిందిగా. చూడ్డానికి ఏమీ లేదే!"

"మీరుంటారుగా" అని, తండ్రి పిలుస్తున్నా వినిపించుకోకుండా అక్కడే నిలబడింది.