కార్జం ముక్కలో మాత్ర

"ఇదేంటి, లివర్ నంబర్లు తగ్గనే లేదు!" అంది కుక్కల డాక్టరమ్మ, రక్తపరీక్ష కాగితం చూస్తూ.

బల్ల మీద పడుకున్న దూది తోక కొస మాత్రం కదిపింది. ఒకప్పుడు ఆ తోక తగిలి గ్లాసులు దొర్లిపోయేవి. పిచ్చుక దాని చెవులు నిమిరింది. గలగలా మాట్లాడుతుందని ఇంట్లో ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు.

దూది తిండి మానేసినప్పుడు డాక్టరమ్మ సూదితో దాని లివర్‌లోంచి రవ్వంత ముక్క తీసి పరీక్షకు పంపింది. అందులో రాగి లోహం పేరుకుపోయిందని తేలింది. ఆ రాగిని బయటకు పంపడానికి రోజూ పరగడుపున ఒక మాత్ర వేసి, గంట తర్వాతే తిండి పెట్టమంది.

అన్నయ్య వేస్తే దూది తుపుక్కున ఉమ్మేసేది. పిచ్చుక వేస్తే గుటుక్కున మింగేది. "చూశారా, నా చేతి మహిమ!" అని పిచ్చుక ఇల్లంతా చాటింది.

"డోసు పెంచుదాం. వాంతులు కావచ్చు, పాపం. కానీ తప్పదు," అంది డాక్టరమ్మ.

పిచ్చుక పక్కకి చూసింది. అమ్మతో పాటు అన్నయ్య కూడా ఉన్నాడు. నిజం చెబితే జన్మంతా ఏడిపిస్తాడు.

దూది ఆమె అరచేయి నాకింది.

"డాక్టరమ్మా... నేను మాత్రని మేక కార్జం ముక్కలో పెట్టి ఇస్తున్నా."

"కార్జమా!" అంది అమ్మ. "ఫ్రిజ్‌లో నేను దాచిందా?"

"లివర్ బాలేదు కదా, లివర్ తింటే బలమొస్తుందనుకున్నా."

డాక్టరమ్మ నవ్వలేదు. "మేక కూడా రాగిని దాచుకునేది కార్జంలోనే, తల్లీ. ఒక చేత్తో తోడుతూ ఇంకో చేత్తో పోస్తున్నామన్నమాట. పైగా తిండితో కలిస్తే ఈ మందు సరిగా పనిచేయదు. ఇప్పుడే చెప్పి మంచిపని చేశావు. డోసు పెంచను. వట్టి మాత్రే వేసి, కొన్నాళ్లు చూద్దాం."

మర్నాడు పొద్దున్నే దూది మాత్రని పిచ్చుక ఒళ్లోకే ఉమ్మేసింది.

"ఏమైందమ్మా, చేతి మహిమ?" అన్నాడు అన్నయ్య.

"అయిపోయింది. వచ్చి నోరు పట్టుకో, నేను వేస్తా."

ఈసారి మాత్ర లోపలికి దిగింది. దూది ఖాళీ గిన్నె వైపు చూసింది.

"పిచ్చుకా, టిఫిన్!" అని అమ్మ పిలిచింది.

"దూదికి పెట్టాక తింటానమ్మా," అని పిచ్చుక దాని పక్కనే నేల మీద చతికిలబడింది.