రేవులో రాయించుకున్న పెళ్లి

ఆదివారం పొద్దున ఎనిమిదయ్యేసరికి అండమాన్‌లోని మిడిల్ పాయింట్ పేటలో ఆ ఇంట్లో కనకలక్ష్మి రెండో విడత టీ పెట్టేసింది. వరండాలో ఆమె అత్తగారు కాళమ్మ గ్లాసులో బన్ను ముంచుకుని తింటోంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. పళ్లు ఊడాయి గానీ మాట పదును తగ్గలేదు. పక్కనే మనవరాలు పద్మిని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

పద్మిని పాండిచ్చేరిలో పీహెచ్‌డీ చేస్తోంది. స్వాతంత్ర్యం వచ్చాక కూలి పనికోసం ఆంధ్ర తీరం నుంచి అండమాన్ చేరిన కుటుంబాలు ఇక్కడ కొత్త సమాజంగా ఎలా కుదురుకున్నాయన్నది ఆమె పరిశోధన. ముప్పై ఇళ్లు తిరిగి ముసలివాళ్ల మాటలు రికార్డు చేసింది. ముప్పై ఒకటోది సొంతిల్లే.

గేటు దడాలున తెరుచుకుంది. అబర్డీన్ బజార్‌లోని ప్రెస్సు నుంచి తండ్రి బాబ్జీ వచ్చాడు. హాడో రేవులో పనిచేసి రిటైరైన ఆయన ఇప్పుడు తెలుగు సంఘానికి కార్యదర్శి. సంఘం వేస్తున్న సంచికలో తన తండ్రి అప్పన్న గురించి వ్యాసం రాయమని కూతురిని అడిగింది ఆయనే.

"ఏంటిది?" ప్రూఫు కాగితాలు బల్ల మీద విసిరాడు. "మా నాన్న గవర్నమెంటు గుమస్తాగా వచ్చాడని చెప్పానా లేదా? రోడ్డుకి రాళ్లు కొట్టాడని రాశావేంటి?"

"కొట్టారు కాబట్టి, నాన్నా. ఝూట్ నేను రాయను."

"రాళ్లతోనే ఆగావా? 'ఓడెక్కే రోజు దాకా వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఒంటరి ఆడమనిషిని తీసుకోరని, రేవులో మొగుడూ పెళ్లాలమని రాయించుకున్నారు. కులాలు కూడా వేరు.'" చదివి, ఆయన ఆ వాక్యాల మీద వేలు గుచ్చాడు. "తాళి కట్టని వాళ్లకి పుట్టానా నేను? సంఘంలో తలెత్తుకు తిరగాలా వద్దా?"

పద్మిని జవాబు చెప్పేలోపే ఇంకో కట్ట తీశాడు. "ఇది ప్రెస్సుకి ఇచ్చిన రాతకాగితం. నీకు తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు. ఎవరి రాత ఇది?"

"నాదే." కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడికి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. "అది చెప్పింది, నేను రాశాను. అత్తమ్మ మాట ఒక్కటీ మార్చలేదు."

బాబ్జీ ఆ కట్టని ప్రూఫుల పక్కన పడేశాడు. మళ్లీ కూతురి వైపు తిరిగాడు. "మీ యూనివర్సిటీకి మా ఇంటి గుట్టే దొరికిందా? డిగ్రీ కోసం నానమ్మని బజారులో పెడతావా?"

ఆ మాట పద్మినికి సూటిగా తగిలింది. నానమ్మ చేత ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది గానీ, నాన్నకి ఒక్క ముక్క ముందు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని భయపడింది.

"మీకు ముందే చెప్పాల్సింది. అది నా తప్పే," అంది. "కావాలంటే సంచికలోంచి తీసేస్తాను. థీసిస్‌లో పేర్లు మారుస్తాను. కానీ జరిగింది జరగలేదని మాత్రం రాయను. మీరెంత అరిచినా సరే."

"నా పేరు మార్చీడానికి నువ్వెవత్తివే?"

ముగ్గురూ అటు తిరిగారు. కాళమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఓరి బాబ్జీ, ఇలా కూకో. నాకు తాళి కట్టినోడు ఇంకొకడున్నాడు. రోజూ కొట్టీవోడు. ఒకనాడు కత్తిపీట తీసినాడు. తెల్లారకముందే మా యమ్మ నన్ను రైలెక్కించీసింది. 'ఎటైనా పోయి బతుకు' అంది. అండమానుకి కూలోళ్లని తీసికెల్తన్నారని మద్రాసు రేవుకెల్తే, ఒంటి ఆడదాన్ని ఎక్కించుకోం పొమ్మన్నారు. ఎనకాల నిలబడ్డ మీ నాన 'నా పెళ్లామే, రాసుకోండి' అన్నాడు. ఓడలో ఉన్నన్నాళ్లూ నా ఒంక సూడనేదు. దిగినాక 'నీ దారి నీది' అని ఎల్లిపోయినాడు. ఏడాదాగి నానే ఎల్లి అడిగినాను, కలిసుందామా అని. అందులో సిగ్గేటి? తాళి కట్టినోడు కత్తి తీసినాడు, కట్టనోడు కడదాకా పువ్వులా సూసుకున్నాడు."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడగనేదు. ఇది అడిగింది. రేషను కార్డులో నాను అప్పన్న పెళ్లాం, ఈదిలో బాబ్జీ తల్లి. కాళమ్మ ఎక్కణ్ణుంచొచ్చింది, ఎందుకొచ్చింది అని ఒక్కడూ అడగనేదు. నా పేరుతోనే అచ్చవ్వాల. మీ సంగంలో ఎవడికి కష్టంగుంటే ఆణ్ణి నా ముందుకొచ్చి మాటాడమను!"

బాబ్జీ అరుగు మీద కూలబడ్డాడు. 

"హాడోలో పనికి చేరిన కొత్తలో నన్ను రాళ్లోడి కొడుకని నవ్వేవారమ్మా. అందుకే గుమస్తా అని చెప్పుకున్నాను. నాన్నకి తెలుసా అది?"

"తెలుసు. 'ఆడికలా బాగుంటే పోనీలేయే' అన్నాడు."

ఆ ఒక్క మాటకి ఆయన అరవై ఏళ్లు దాటిన మొహం పసిపిల్లాడిలా ముడుచుకుపోయింది. అరచేతులతో కళ్లు కప్పుకున్నాడు. తండ్రి ఏడవడం పద్మిని చూడ్డం అదే మొదలు. వెళ్లి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తోసెయ్యలేదు.

కాసేపటికి ఆయనే ప్రూఫు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "రేపు ప్రెస్సుకి నేనే పట్టుకెళ్తాను. ఎవడేమంటాడో చూస్తాను," అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "నిన్ను రైలెక్కించిందే, అమ్మమ్మ... ఆవిడ పేరు ఇందులో లేదు. ఏంటమ్మా ఆవిడ పేరు?"

కాళమ్మ కొడుకు దగ్గరికి జరిగింది. 

"కామమ్మ," అంది. "మా యమ్మ కామమ్మ. నువ్వే రాయి నాయనా."

కనకలక్ష్మి పెన్ను తెచ్చి భర్త చేతికిచ్చింది.