వంతెన దగ్గర దిగిన కోడలు

"అయ్యో, నువ్వెందుకు దిగుతున్నావే తల్లీ! కూర్చో... కూర్చోమంటుంటే!" సనోబర్ కారులోంచి గొంతు చించుకుని అరిచింది. కానీ అప్పటికే కోడలు నసీబా ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో నిండు కడుపు పట్టుకుని మంచులోకి దిగిపోయింది!

"పర్లేదత్తయ్యా... వంతెన దాటాక ఎక్కుతాను. బరువుంటే కారు అడుగు తగులుతుంది కదా..." అంది పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ.

సనోబర్ కిటికీలోంచి ఆమెనే చూసింది. పురిటి నొప్పులు పడుతున్న పిల్ల, మొగుడి కారుకు గీత పడకూడదని నడుస్తోంది! దానికి ఈ బుద్ధి నేర్పిందెవరు? మనమే కదా...

పెళ్ళికి ముందు సనోబర్ కొడుకు ఎల్మురాద్ స్ప్రింగులు కోయించి కారును నేలబారుకు దింపించాడు. వాళ్ళుండే ఫెర్గానా లోయలో పడుచువాళ్ళకు అదో మోజు. కారు ఎంత కిందికి ఉంటే మగాడి తల అంత పైకి ఉన్నట్టు లెక్క! పెళ్ళి ఊరేగింపులో కుర్రకారు ఈలలు వేస్తుంటే, తండ్రి లేని బిడ్డ దర్జా చూసి సనోబర్ కూడా మురిసిపోయింది. ఆ దర్జా సంగతి తరువాత తెలిసొచ్చింది. చిన్న గుంట వచ్చినా నడుము విరిగినంత కుదుపు, మలుపు తిరిగితే టైర్లు రాసుకుని ఒకటే గోల. ఇక కాలువ వంతెన దగ్గర రోడ్డు గూనిలా లేచి ఉంటుంది. అక్కడ అందరూ దిగాలి, బండి ఖాళీగా దాటాలి, మళ్ళీ ఎక్కాలి. "కారు మనల్ని మోస్తోందా, మనమే కారును మోస్తున్నామా?" అని సనోబర్ వేళాకోళం చేస్తే, నసీబా తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇవాళ నొప్పులని కోడలు చెప్పగానే సనోబర్ అంబులెన్సును పిలవమంది. "వాకిట్లో కారు పెట్టుకుని ఊరి బండి కోసం చూస్తామా అమ్మా? నా పరువేం కాను!" అన్నాడు కొడుకు. ఆ మాట అక్కడితో వదిలేసినందుకు సనోబర్ ఇప్పుడు తనను తాను తిట్టుకుంది.

"ఒరేయ్, దాన్ని ఎక్కించుకోరా! పగిలితే పగలనీ నీ కారు!"

ఎల్మురాద్ బండి ఆపాడు. పెళ్ళాన్ని ఎక్కించుకుని కంగారుగా ముందుకు దూకించాడు. వంతెన మీద కారు కడుపు రాయికి కొట్టుకుని ఫెళ్ళుమంది! మంచు మీద నూనె నల్లగా పారింది. కాస్త దూరం పోయాక ఇంజను బిగుసుకుపోయింది. మంచు కప్పిన పత్తిచేల నడుమ ఆ రోడ్డు మీద నరపురుగైనా లేదు. చివరికి ఎవరో ట్రాక్టరు ఆపి, వెనక తొట్టిలో గడ్డి మీద నసీబాను పడుకోబెట్టి పట్నం చేర్చేసరికి చాలా ఆలస్యమైపోయింది. మగబిడ్డ... ఏడవలేదు!

మర్నాడు వియ్యంకుడు ఖుద్రత్ ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "ఏం జరిగింది తల్లీ?" అన్నాడు.

నసీబా గోడ వైపు చూస్తూ చెప్పింది. "నేనే నాన్నా... నొప్పులొస్తున్నా ఓర్చుకుని, ఆలస్యంగా చెప్పాను."

"ఎంత మొద్దువే! అత్తగారు నిన్ను మింగేస్తుందా? నోరు తెరిచి చెప్పొద్దూ! బంగారంలాంటి బిడ్డను పోగొట్టుకున్నావు కదే!"

గుమ్మంలో ఎల్మురాద్ తల్లి వైపు చూశాడు. అమ్మా, నోరు విప్పకు అన్నట్టున్నాయి ఆ కళ్ళు. ఒక్కగానొక్క కొడుకు... తను ఊరుకుంటే చాలు, వాడి మీద మాట రాదు! కానీ బిడ్డ పోయి పడున్న పిల్ల, ఆ పాపం కూడా తన నెత్తినే వేసుకుంటుంటే ఎలా చూస్తూ ఊరుకోవడం?

"అది అబద్ధం అన్నయ్యగారూ!" సనోబర్ ముందుకు వచ్చి అంది. "నసీబా తెల్లారకముందే చెప్పింది. ఆలస్యం చేసింది మా ఇల్లు. మావాడి కారు... దాని సోకు..."

 ఎల్మురాద్ తూలుతూ వచ్చి మామగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నేనే మామయ్యా... నా బిడ్డను నేనే..." 

ఖుద్రత్ అతన్ని లేవనెత్తలేదు, తిట్టనూ లేదు. "పిల్లను నేను తీసుకుపోతాను చెల్లెమ్మా" అన్నాడు.

"తీసుకువెళ్ళండి. రావాలనిపించినప్పుడే వస్తుంది. రానన్నా నేను తప్పు పట్టను..."

నిన్నటి నుంచి కన్నీటి చుక్క రాల్చని నసీబా అప్పుడు ఇటు తిరిగింది. "అత్తయ్యా! వాడి ముఖం నాకు చూపించలేదు... మీరు చూశారా? ఎలా ఉన్నాడు?"

"నీ పోలికేనమ్మా... అచ్చం నీ పోలికే..."

నసీబా అత్తగారి ఒడిలో తలపెట్టి గొంతెత్తి ఏడ్చింది. పక్క మంచాల తల్లులు తమ బిడ్డలను దగ్గరికి హత్తుకున్నారు. సనోబర్ కోడలిని ఊరుకోమనలేదు.