ఆయాసం ఎరగని మనిషి

మా ఆవిడకు ఆయాసం రాదా, వచ్చినా కనబడనివ్వదా? పెళ్లికి ముందునుంచీ నన్ను వదలని సందేహం ఇది. ఆడవాళ్లకు వేరే ఊపిరితిత్తులు ఇచ్చావా స్వామీ అని దండం పెట్టుకునేటప్పుడు కూడా అడిగాను. ఆయనా మా ఆవిడ పక్షమే కాబోలు, పలకలేదు.

మేం ఇంటర్వ్యూకి వెళ్లినరోజు లిఫ్టు చెడిపోయింది. వానలో తడిసి, ముఖపరిచయమైనా లేని ఇద్దరం ఒకేసారి మెట్లెక్కాం. అయిదో అంతస్తులో నేను గోడ పట్టుకుని నిలబడేసరికి, ముందే చేరిన ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి తన నీళ్లసీసా చాపింది.

"తాగండి. లోపల పేరడిగితే ఈల వచ్చేలా ఉంది."

ఖాళీ సీసా తిరిగిచ్చాను. థాంక్స్ చెప్పలేదు. ఉద్యోగం ఆమెకొచ్చింది. ఏడాది తిరక్కుండా ఆమె నాకొచ్చింది.

అప్పటినుంచి ఎక్కడ మెట్లు కనబడ్డా ఆమెకు నేనే వేళాకోళం. అందుకే ఆసుపత్రివాళ్లు ఏదో పరీక్షకు పెద్దవయసు వాళ్లు కావాలంటే, నా సందేహం తేల్చుకుందామని ఇద్దరి పేర్లూ ఇచ్చాను. కదలని సైకిలు తొక్కాలి. ముందూ వెనకా నెత్తురు తీస్తారు.

"శ్రమపడితే ఒంట్లో తుప్పులాంటిది పుడుతుంది అంకుల్," అంది పరీక్ష చేసే అమ్మాయి. "దాన్ని అణచడానికి కణాలు యాంటీఆక్సిడెంట్లు తయారుచేసుకుంటాయి. వయసు మీరితే ఆ చురుకు తగ్గుతుందా, ఆడా మగా తేడా ఉందా అని చూస్తున్నాం."

"విన్నావా? మొహం దాచుకోగలవు గానీ నెత్తురు దాచలేవు," అన్నాను మా ఆవిడతో.

"ముందు మీరు మొహం తుడుచుకోండి. ఎక్కకుండానే చెమటలు!"

నేను సగంలోనే దిగిపోయాను.

"కదలని సైకిలు మీద కూడా వెనకబడ్డ మగాణ్ణి మిమ్మల్నే చూశాను," అని మా ఆవిడ ఎక్కింది. చివరిదాకా తొక్కింది. పెదవులు బిగించి, అదే చిరునవ్వు.

"ఆంటీకి ఆయాసం రాలేదని రాసుకోమ్మా," అన్నాను ఉడుక్కుంటూ.

ఆ అమ్మాయి గుండె వేగం చూపించే తెర వంక చూసి నవ్వింది. "గుండె పరుగులు పెడుతోంది అంకుల్. ఊపిరి బిగబట్టారు. నోరు తెరవండి ఆంటీ, ఏం కాదు."

తెరిచింది. కొలిమితిత్తిలా రొప్పింది.

"ఇంటర్వ్యూ రోజు కూడా ఇంతేనా?" అన్నాను.

"ఆ రోజైతే కళ్లు తిరిగాయి. నాకోసమే మూత తీసుకున్నాను. అంతలో మీరు దిగబడ్డారు, ఆ మొహమేసుకుని."

"మరి నాకెందుకిచ్చావు?"

"నాకంటే అధ్వాన్నంగా ఉన్నారు." ఊపిరి తీసుకుంది. "చక్కగానూ ఉన్నారు."

బల్లమీది సీసా మూత తీసి అందించాను. గటగటా తాగేసి ఖాళీది నా చేతిలో పెట్టింది.

"థాంక్స్," అన్నాను.

"నీళ్లిచ్చింది మీరు కదా అంకుల్? థాంక్స్ మీరు చెప్తారేంటి?" అంది అమ్మాయి.

"పాత బాకీలే అమ్మా," అంది మా ఆవిడ, ఇంకా రొప్పుతూనే.