పచ్చదీపం, గుప్పెడు వాము

మద్దిలేటి గొట్టంలోకి ఊదాడు. ఎర్రదీపం వెలిగింది. అతని వెనక వరసలో ఉన్నవాళ్లలో సగం మందికీ ఎర్రదీపమే.

కర్నూలు దాటాక ఉన్న ఆ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ గేటుకు ఊపిరి యంత్రం బిగించి మూడు రోజులైంది. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు చెడడం మొదలైతే ఊపిరిలో కొన్ని హైడ్రోకార్బన్లు కనిపిస్తాయి. దగ్గు పుట్టకముందే యంత్రం వాటిని పట్టేస్తుంది. ఎర్రదీపం వెలిగినవాడికి యజమాని వైద్యం చేయిస్తాడని దాన్ని తయారుచేసిన డాక్టర్ వారిజ నమ్మకం. తెలివైన మనిషే, యంత్రాల విషయంలో.

ఏం తిన్నావని వారిజ మద్దిలేటిని అడిగితే, సద్దన్నం తిని చిటికెడు వాము నమిలానన్నాడు. ఆ చుట్టుపక్కల పండేదే, అందరి జేబుల్లోనూ ఉంటుంది. వామునూనెలో పారా-సైమీన్ అనే హైడ్రోకార్బన్ ఉంది. యంత్రం దాన్నే జబ్బనుకుంది. వారిజ నవ్వి, సైమీన్ ఎంత ఎక్కువ కనిపిస్తే జబ్బు కొలత అంత తగ్గించమని ప్రోగ్రాం మార్చింది. వాము తినేవాళ్లకిక భయం లేదని అందరి ముందూ చెప్పింది కూడా.

మొదటి ఆర్నెల్లలో ఐదుగురికి ఎర్రదీపం వెలిగింది. తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్కరికీ వెలగలేదు. జబ్బే లేని ఫ్యాక్టరీ అంటూ వారిజకు సన్మానం తలపెట్టారు. ఆమెకు సంతోషం వేసింది, అనుమానమూ వేసింది. ఒక పొద్దున చెప్పకుండా గేటు దగ్గరికి వెళ్లింది.

వరసలో అందరి దవడలూ ఆడుతున్నాయి. మద్దిలేటి సగానికి సగం తగ్గిపోయాడు. గోడ పట్టుకుని దగ్గి, గుప్పెడు వాము నోట్లో పోసుకుని ఊదాడు. పచ్చదీపం వెలిగింది.

"మద్దిలేటీ, నీకు జబ్బుందని తెలుసా?"

"తెలుసు మేడం. దానికి తెలీకుంటే సాలు."

ఎర్రదీపం వెలిగిన ఆ ఐదుగుర్నీ ఆసుపత్రికి కాదు, పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారట. వారిజ నేరుగా యజమాని గదికి వెళ్లి, అందరికీ వైద్యం చేయించమంది. ఆయన మర్యాదగానే, ఒక్క ఎర్రదీపం చూపించండి, చేయిస్తానన్నాడు.

తిరిగొచ్చి యంత్రం మూత తెరిచింది. వాము తగ్గింపును రద్దుచేసే ఒక్క మీట నొక్కితే చాలు, గేటు నిండా ఎర్రదీపాలే. వెనక దవడల చప్పుడు ఆగిపోయింది.

"మా పాప నర్సింగు సదువుతాండాది మేడం. ఇంకా ఏడాదుంది," అన్నాడు మద్దిలేటి.

మీట నొక్కకుండానే ఆమె మూత వేసేసింది.

సన్మానంలో పేరు చెక్కిన నాపరాయి జ్ఞాపిక ఇచ్చారు. అందులో ఆమె ముఖం అద్దంలో లాగా కనిపించింది. దానికి వారం రోజులు కూర్చుని పాలిష్ పెట్టింది మద్దిలేటేనట.