రక్తం గడ్డకట్టే దాకా

"అది ముట్టుకోకండి మేడం!" మంచం మీది నుంచే అరిచాడు ఎడ్విన్.

సింధూర చెయ్యి గాజుగొట్టం దగ్గర ఆగిపోయింది. అందులో ఉన్నది అతని రక్తం. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే వంచి చూడాలి. గడ్డకడితే మందు పనిచేసినట్టు. నీళ్లలా జారితే విషం ఇంకా ఒంట్లో తిరుగుతున్నట్టు. పాము విషాల మీద రీసెర్చ్ చేసే పిల్లకి ఇది తెలియక కాదు. పన్నెండో నిమిషానికే ఓపిక చచ్చిపోయింది.

ఎడ్విన్ జగ్గయ్యపేటలో ఎలక్ట్రీషియన్. ఎవరింట్లో పాము దూరినా పట్టుకుని అడవిలో వదిలేది అతనే. వదిలేముందు సింధూర వచ్చి విషం శాంపిల్ తీసుకునేది. పొద్దున డబ్బా మూత తీస్తుంటే లోపలున్న రక్తపింజరి చేతి మీద కాటేసింది. నందిగామ ఆసుపత్రికి తెచ్చాక చేసిన మొదటి పరీక్షలో రక్తం గడ్డకట్టలేదు. విరుగుడు ఎక్కించి ఆరు గంటలయింది.

"మందు పడింది కదా, ఇంకా ఆ మొహం ఏంటండీ?"

"ఆ మందు ఎక్కడో వేరే రాష్ట్రం పాముల విషంతో చేసింది. ఒకే జాతి పామైనా చోటుని బట్టి విషం మారిపోద్ది."

"ఎందుకలా?"

"పాము ఒంట్లో మామూలు పని చేసుకునే జన్యువుకి ఎప్పుడో పొరపాటున కాపీలు పడ్డాయి. అసలుది తన పని చేసుకుంటోంది. ఖాళీగా ఉన్న కాపీలు మారి మారి తలో రకం విషం అయ్యాయి. ఏ చోట ఏది ఎక్కువో..." ఆమె మళ్లీ గడియారం చూసింది.

"అంటే జిరాక్సు షాపువాడి తప్పుకి నేను బలా?"

నవ్వాడు. చిగుళ్ల నుంచి కారిన రక్తం ఇంకా ఎర్రగా ఉంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"జోకులా? పట్టిన రోజే వదిలెయ్యాలి కదా! రెండు రోజులు ఎందుకుంచారు? నేను శాంపిల్ అడగలేదే!"

ఎడ్విన్ ఫ్యాన్ వైపు చూశాడు. "పాముందంటే మీరొస్తారని."

"ఫోన్ చేస్తే రానా?"

"ఏమని చెయ్యను? ఊరికే చూడాలనుందనా?"

సింధూరకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ ఫోన్ కోసం తను ఎన్ని రోజులు ఎదురుచూసిందో ఈ మొద్దుకేం తెలుసు!

నర్సు సీతారావమ్మ వచ్చి, గడియారం చూసి, గొట్టం చేతిలోకి తీసుకుంది. మెల్లగా వంచింది. సింధూర కళ్లు మూసుకుంది.

"చూడమ్మా, కదల్లేదు. చక్కగా గడ్డకట్టింది."

సింధూర మంచం పట్టె పట్టుకుని భోరుమంది. వార్డంతా చూస్తున్నా ఆమెకి పట్టలేదు.

"ఏడవకండి మేడం..."

"మేడం ఏంటి మేడం! ఇకనించి పాము లేకుండానే పిలువు. పరిగెత్తుకుంటూ వస్తా."