సున్నా చూపిన కలరా

ల్యాబ్ టెక్నీషియన్ చేతిలోని కవరు చెమటకు మెత్తబడిపోయింది. ఒకే వీధిలో ఇరవై ముగ్గురికి కలరా సోకిందని పేపర్లో పడితే, ఆ రిపోర్టులు తొక్కిపట్టిందని ఆమెను సస్పెండ్ చేశారు. సాయంత్రం ఐదింటిలోగా తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే ఉద్యోగమే ఊడుతుంది.

"అన్నీ కంప్యూటర్లో పంపానండీ. ప్రతిదానికీ చేరిందని జవాబు కూడా వచ్చింది," అంటూ ఆ రసీదులు డిటెక్టివు బల్లమీద పెట్టింది.

ఆయన ముప్పై ఏళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. అందరూ సార్టరు గారంటారు. అసిస్టెంటు ఆయన మేనకోడలే. మావయ్య బుర్రంటే ఆమెకు ఎంత గురో, ఆయన నిదానమంటే అంత ఒళ్లుమంట.

ఆరోగ్య శాఖ ఆఫీసులో మూడు గంటలు గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఒక గదివాళ్లు ఇంకో గది చూపించారు, ఆ గదికి తాళం. చివరికి దొరికిన డేటా ఆఫీసరు సంగతి విప్పి చెప్పాడు. ఒకే పరీక్షకు ఒక్కో ల్యాబు ఒక్కో పేరు పెట్టుకుంటుంది. అలాగే కలిపితే లెక్క తేలదు గనుక, ప్రతి పేరునూ అందరికీ ఒకటే అయిన కోడ్‌తో జతచేయాలి. ఆ పని ఆయనదే. కిందటి నెల జతకాని పేరు ఒక్కటీ మిగలకుండా "పెండింగ్ సున్నా" సాధించినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం గోడకు వేలాడుతోంది. పక్కన తెరమీద జబ్బుల గ్రాఫు. కలరా దగ్గర సున్నా. చిట్టచివర మాత్రం మిగతావాటికి రెండింతల పొడుగున ఒక గీత.

సార్టరు గారు ప్రశంసాపత్రం మీది తేదీ రాసుకున్నారు. దానికి ముందురోజు పెండింగ్ ఎంతని అక్కడి గుమాస్తానడిగితే, మూడు వందల తొంభై అన్నాడు. తర్వాత ఆయన తీరిగ్గా టీ తెప్పించుకున్నారు.

"మావయ్యా, నాలుగు దాటింది," అంది మేనకోడలు పళ్లు బిగించి.

నాలుగున్నరకు అందరూ డైరెక్టరు గదిలో చేరారు. ఈమె పంపినవి సున్నా అని కంప్యూటరే అంటుంటే ఇంకా విచారణేమిటని డైరెక్టరు విసుక్కున్నాడు.

"ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుందండీ," అన్నారు సార్టరు గారు. "రిపోర్టులు చేరాయి, రసీదులున్నాయి. చేరినవి కనబడట్లేదంటే ఏదో గూట్లో పడుండాలి. మా ఆఫీసులో అడ్రసు తెలియని ఉత్తరాలకో గూడుండేది. ఒకడు త్వరగా ఇంటికెళ్దామని మంచి ఉత్తరాలూ అందులోకే తోసేవాడు. వాడి బల్ల ఎప్పుడూ ఖాళీయే. మూడు వందల తొంభై పేర్లు సరిచూసి ఒక్కరోజులో జతచెయ్యడం మనిషి తరం కాదు. చివరి గీత ఏ జబ్బు బాబూ?"

"ఇతరములు," అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా.

తెరిపించి చూశారు. ఇరవై మూడు రిపోర్టులూ తేదీలతో సహా అందులోనే ఉన్నాయి. ఇద్దరు మనుషుల్ని ఇమ్మని ఆర్నెల్లు అడిగానని, మనుషుల్నివ్వకుండా గడువు మాత్రం ఇచ్చారని, అందుకే ఈ ల్యాబు కలరా పరీక్ష పేరుతో సహా మిగిలినవన్నీ "ఇతరములు" కోడ్‌కు కట్టేశానని ఆఫీసరు ఒప్పుకున్నాడు. గడువు పెట్టిన డైరెక్టరు కిటికీలోంచి బయటకు చూశాడు. తిలాపాపం తలా పిడికెడు, శిక్ష మాత్రం టెక్నీషియన్ ఒక్కదానికే.

డైరెక్టరు ఫోనుచేసి ఆ వీధి నీళ్ల ట్యాంకు ఆపించాడు, పన్నెండు రోజులు ఆలస్యంగా. తర్వాత సస్పెన్షన్ రద్దు చేస్తూ కాగితం తీసిచ్చాడు. టెక్నీషియన్ చదివింది. కారణం: ఇతరములు.

పొద్దుటినుంచి భయపడుతున్న మనిషికి అప్పుడు కోపమొచ్చింది. పెన్ను తీసి ఆ మాట కొట్టేసింది.

"నేను వేళకే పంపానని, పోగొట్టింది మీరేనని రాయండి."

"కంప్యూటరిచ్చే కారణాల జాబితాలో అది లేదమ్మా," అన్నాడు డైరెక్టరు.

"పక్కన ఖాళీ ఉంది కదండీ. చేత్తో రాయండి," అందామె, పెన్ను ఆయన చేతికిస్తూ.

ఐదుకు మూడు నిమిషాలుండగా ఆయన రాశాడు.